అప్‌లోడ్ ఫైలుకు దిక్కెవరు? సర్వర్‌లో తాత్కాలిక ఫైళ్ల సంగతి

వెబ్ అప్లికేషన్లలో ఫైలు అప్‌లోడ్ పైకి చాలా చిన్న పనిలా కనిపిస్తుంది. ఫైలు ఎంచుకుని బటన్ నొక్కితే అయిపోయినట్టే. కానీ ఆ బటన్ నొక్కాక, ఫైలు తన అసలు చోటికి చేరేలోపు, సర్వర్‌లో ఎక్కడో ఒకచోట ఒక తాత్కాలిక ఫైలు పుడుతుంది. దాన్ని పుట్టించేది ఫ్రేమ్‌వర్క్ (అప్లికేషన్ కట్టడానికి వాడే సిద్ధమైన కోడ్) కాబట్టి దాని గురించి ఎవరూ పెద్దగా ఆలోచించరు. తీసేసేది కూడా ఫ్రేమ్‌వర్కేనన్న నమ్మకంతో ఆ సంగతీ వదిలేస్తారు. ఆ నమ్మకం చాలాసార్లు నిలబడుతుంది. నిలబడని రోజున డిస్క్ నిండిపోయి, లాగ్ రాయడానికి కూడా చోటు లేక, అప్‌లోడ్‌తో ఏ సంబంధమూ లేని లాగిన్ పేజీ కూడా పడిపోతుంది.

అసలు తాత్కాలిక ఫైలు ఎందుకు అవసరమవుతుందో ముందు చూడాలి. హెచ్‌టీఎంఎల్ ఫారం ద్వారా ఫైళ్లు పంపే పద్ధతిని 1995 నవంబరులో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1867 అనే ఇంటర్నెట్ పత్రం నిర్వచించింది. ఇప్పుడు అమల్లో ఉన్నది 2015 నాటి ఆర్‌ఎఫ్‌సీ 7578. మూలసూత్రం మాత్రం మారలేదు: ఫారంలోని గళ్లు, ఫైళ్లు అన్నీ ఒకే రిక్వెస్ట్‌లో, మధ్యలో ఒక సరిహద్దు గీతతో, ఒకదాని వెనక ఒకటి వస్తాయి. మొత్తం రిక్వెస్ట్ ఎన్ని బైట్లో హెడర్‌లో ఉండొచ్చు. కానీ అందులో ఒక్కో ఫైలు ఎంత పెద్దదో తర్వాతి సరిహద్దు గీత కనపడేదాకా సర్వర్‌కు తెలియదు. ముక్కలుగా పంపే (చంక్డ్) పద్ధతిలో అయితే మొత్తం పరిమాణం కూడా ముందుగా తెలియదు. ఎంత వస్తుందో తెలియని సరుకును మెమరీలో పెట్టుకుంటూ పోతే, ఒకేసారి కొన్ని పెద్ద ఫైళ్లు రాగానే ప్రాసెస్ కూలిపోతుంది. అందుకే దాదాపు ప్రతి ఫ్రేమ్‌వర్కూ కొంత మేరకు మెమరీలో ఉంచి, ఆ మెమరీ హద్దు దాటగానే డిస్క్ మీదికి మారుతుంది.

ఆ హద్దు ఎక్కడన్నది ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. పైథాన్ ఫ్రేమ్‌వర్క్ జాంగోలో 2.5 ఎంబీ. జావాలో వాడే అపాచీ కామన్స్ ఫైల్‌అప్‌లోడ్ లైబ్రరీలో 10 కేబీ. పైథాన్‌లోనే వెర్క్‌జుగ్‌లో 500 కేబీ, స్టార్లెట్‌లో 1 ఎంబీ. పీహెచ్‌పీకి ఈ గొడవే లేదు, ఎంత చిన్న ఫైలైనా నేరుగా డిస్క్‌కే వెళ్తుంది. జావా వెబ్ అప్లికేషన్లకు ఆధారమైన సర్వ్‌లెట్ ప్రమాణంలో డీఫాల్ట్ సున్నా, అంటే అక్కడా డిస్కే.

గో భాషలో ఈ హద్దు 32 ఎంబీ. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఫారంను విడదీసే ఫంక్షన్‌కు ఇచ్చే అంకెను అప్‌లోడ్ గరిష్ఠ పరిమితి అనుకుంటారు. అది మెమరీలో ఎంత ఉంచాలన్నది మాత్రమే చెబుతుంది. మిగిలినదంతా, ఎన్ని జీబీలైనా సరే, నిశ్శబ్దంగా డిస్క్ మీదికి పోతుంది. అసలు పరిమితి కావాలంటే రిక్వెస్ట్ బాడీకే విడిగా మూత బిగించాలి. మెమరీ పరిమితి, పరిమాణ పరిమితి వేర్వేరు విషయాలన్న ఈ తేడా గో ఒక్కదానికే కాదు, అన్నిటికీ వర్తిస్తుంది. మొదటిది సర్వర్ వేగానికి సంబంధించినది. రెండోది సర్వర్ బతుకుకు సంబంధించినది.

అప్లికేషన్ ముందు ఎన్‌జింక్స్ లాంటి ప్రాక్సీ (రిక్వెస్ట్‌లను ముందుగా అందుకుని లోపలికి పంపే సర్వర్) ఉంటే లెక్క మరోలా ఉంటుంది. డీఫాల్ట్‌గా ఎన్‌జింక్స్ రిక్వెస్ట్ మొత్తాన్ని తానే అందుకుని, పూర్తయ్యాకే వెనక ఉన్న అప్లికేషన్‌కు పంపుతుంది. దాని బఫర్, అంటే మెమరీలో పెట్టుకునే చోటు, 8 లేదా 16 కేబీ మాత్రమే కాబట్టి, అంతకు మించినదల్లా దాని సొంత తాత్కాలిక డైరెక్టరీలోకి వెళ్తుంది. తర్వాత అప్లికేషన్ అదే డేటాను మళ్లీ తన తాత్కాలిక ఫైలులో రాసుకుంటుంది. ఆపైన శాశ్వత స్థానానికి కాపీ చేస్తే మూడోసారి. అంటే 500 ఎంబీ వీడియో ఒకటి వస్తే డిస్క్ మీద 1,500 ఎంబీ రాత జరగొచ్చు. ముందుగా దాచుకోవడాన్ని ఎన్‌జింక్స్‌లో ఆపేయవచ్చు. కానీ నత్తనడక కనెక్షన్ల నుంచి అప్లికేషన్‌ను కాపాడేది ఆ దాచుకోవడమే. రిక్వెస్ట్‌లు చూసే వర్కర్ ప్రాసెస్‌లు కొద్దిగానే ఉండే అప్లికేషన్లలో దాన్ని అలాగే ఉంచి, డిస్క్ చోటు పెంచుకోవడం మేలు.

ఇక అసలు ప్రశ్న. ఈ ఫైలును ఎవరు తీసేయాలి, ఎప్పుడు?

ఈ విషయంలో పీహెచ్‌పీ పద్ధతి స్పష్టంగా ఉంటుంది. రిక్వెస్ట్ మొదలైనప్పుడు తాత్కాలిక ఫైలు పుడుతుంది, రిక్వెస్ట్ ముగిసేలోపు స్క్రిప్ట్ దాన్ని వేరేచోటికి తరలించకపోతే పీహెచ్‌పీయే తీసేస్తుంది. ఫైలు ఆయుష్షు, రిక్వెస్ట్ ఆయుష్షు ఒకటే. గో సర్వర్ కూడా రిక్వెస్ట్ ముగించేటప్పుడు తాను పుట్టించిన తాత్కాలిక ఫైళ్లను తుడిచేస్తుంది. జావాస్క్రిప్ట్ సర్వర్ వేదిక నోడ్‌లో ఎక్కువగా వాడే మల్టర్ లైబ్రరీ అలా కాదు. గమ్యం డైరెక్టరీ ఇస్తే ఏదో ఒక యాదృచ్ఛిక పేరుతో ఫైలు రాసి అప్లికేషన్ చేతిలో పెట్టేస్తుంది. అక్కడితో దాని బాధ్యత తీరిపోయింది. హ్యాండ్లర్‌లో, అంటే రిక్వెస్ట్‌ను చూసే కోడ్‌లో, ఆ ఫైలును చదివి, చిత్రం సైజు తగ్గించి, ఫలితాన్ని ఎక్కడో దాచి, మూలాన్ని తీసేయడం మరిచిపోతే అది అలాగే పడి ఉంటుంది. నెలల తరబడి ఎవరి కంటా పడకుండా చాప కింద నీరులా పెరుగుతుంది.

జావాలో దీనికి కొంత చరిత్ర ఉంది. ప్రోగ్రాం ముగిసేటప్పుడు తీసేయమని ఫైలును నమోదు చేసే సౌకర్యం ఆ భాషలో ఎప్పటి నుంచో సుపరిచితమే. డెస్క్‌టాప్ ప్రోగ్రాంలకు అది సరిపోతుంది. వారాల తరబడి ఆగకుండా నడిచే సర్వర్‌కు మాత్రం అది రెండు రకాలుగా చేటు చేస్తుంది: ఫైళ్లు అన్నాళ్లూ డిస్క్‌లోనే ఉంటాయి, నమోదు చేసిన ప్రతి పేరూ మెమరీలో ఉండిపోతుంది. మధ్యలో ఫైలును చేత్తో తీసేసినా ఆ పేరు జాబితాలోంచి పోదు. ఇంకో దారి, ఫైలును సూచించే ఆబ్జెక్ట్‌ను గార్బేజ్ కలెక్టర్ (వాడని మెమరీని ఖాళీ చేసే భాగం) ఏరేసినప్పుడు ఫైలునూ తీసేయడం. రూబీ భాషలోని టెంప్‌ఫైల్‌కు కూడా ఈ గుణం ఉంది. వినడానికి చక్కగానే ఉంటుంది. చిక్కేమిటంటే, గార్బేజ్ కలెక్టర్ మెమరీ ఒత్తిడిని బట్టి కదులుతుంది, డిస్క్ ఒత్తిడి దానికి తెలియదు. మెమరీలో ఆ ఆబ్జెక్ట్ కొన్ని వందల బైట్లే, డిస్క్ మీద అది 200 ఎంబీ ఫైలు. మెమరీ ఖాళీగా ఉన్న పెద్ద సర్వర్‌లో గార్బేజ్ కలెక్టర్ తీరిగ్గా ఉంటుంది, ఈలోపు డిస్క్ నిండిపోతుంది. మెమరీ పెంచితే సమస్య ఇంకా ముదురుతుందన్న విచిత్రం ఇక్కడ ఉంది.

ఇది ఊహ కాదని 2025లో టామ్‌క్యాట్ అనే జావా వెబ్ సర్వర్‌లో బయటపడిన లోపం చూపిస్తుంది. భద్రతా లోపాల జాబితా సీవీఈలో సీవీఈ-2025-61795 పేరుతో నమోదైన దాని సారం ఇదే. అప్‌లోడ్‌ను విడదీస్తుండగా ఏదైనా తప్పు జరిగితే, పరిమితి దాటడం కూడా అందులో ఒకటి, అప్పటికే డిస్క్ మీద రాసిన భాగాలు వెంటనే తుడిచిపోకుండా గార్బేజ్ కలెక్టర్ వచ్చేదాకా ఉండిపోయేవి. కలెక్టర్ ఖాళీ చేసే వేగం కన్నా దాడి చేసేవాడు నింపే వేగం ఎక్కువైతే సర్వర్ పని ఆగిపోతుంది. 9.0.110, 10.1.47, 11.0.12 వెర్షన్లలో దీన్ని సరిచేశారు.

దీనికి రెండేళ్ల ముందు స్ట్రట్స్ అనే జావా ఫ్రేమ్‌వర్క్‌లో ఇలాంటిదే వచ్చింది. సీవీఈ-2023-41835. ఫారంలోని ఏదో ఒక గడి అనుమతించిన పొడవు దాటితే రిక్వెస్ట్‌ను స్ట్రట్స్ సరిగ్గానే తిరస్కరించేది. కానీ ఆ రిక్వెస్ట్‌తో పాటు వచ్చిన ఫైళ్లు మాత్రం అప్‌లోడ్ డైరెక్టరీలో మిగిలిపోయేవి. అదే ఏడాది టామ్‌క్యాట్‌లో మరొకటి, సీవీఈ-2023-42794: అప్లికేషన్ అప్‌లోడ్ ఫైలును చదవడానికి తెరిచి మూయడం మరిచిపోతే, విండోస్ మీద ఆ ఫైలు ఎప్పటికీ తుడిచిపోయేది కాదు. తెరిచి ఉన్న ఫైలును మామూలుగా తీసేయనివ్వకపోవడం విండోస్ స్వభావం కాబట్టి అక్కడే అది బయటపడింది.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక పోలిక కనిపిస్తుంది. ఏ ఒక్కదానిలోనూ అంతా సవ్యంగా జరిగిన అప్‌లోడ్ దగ్గర లోపం లేదు. తిరస్కరించినప్పుడు, మధ్యలో తెగిపోయినప్పుడు, మూయడం మరిచిపోయినప్పుడే ఫైలు అనాథ అయింది. ఏళ్ల తరబడి ఎందరో పరీక్షించిన ప్రాజెక్టుల్లోనే ఇలా ఉందంటే, సొంతంగా రాసుకున్న అప్‌లోడ్ కోడ్‌లో ఎన్ని సందులుంటాయో ఊహించవచ్చు. పరిమితులు పెట్టాం కాబట్టి భద్రంగా ఉన్నామన్న భావన ముఖ్యంగా ప్రమాదకరం. పరిమితి పని చేసిన క్షణమే శుభ్రం చేయాల్సిన క్షణం కూడా. తిరస్కరణ కోడ్ రాసేవాళ్ల దృష్టి తప్పు సందేశం మీద ఉంటుంది, వెనక మిగిలిన ఫైలు మీద ఉండదు.

తాత్కాలిక ఫైలు ఎక్కడ ఉండాలన్నది తర్వాతి సంగతి. ఏమీ చెప్పకపోతే దాదాపు అన్నీ ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చే ఉమ్మడి తాత్కాలిక డైరెక్టరీనే వాడతాయి. లినక్స్‌లో ఆ డైరెక్టరీకి సొంత నియమాలున్నాయి. సేవలను నడిపే సిస్టమ్‌డీ ఉన్న యంత్రాల్లో సాధారణంగా 10 రోజులు ఎవరూ తాకని ఫైళ్లను, డైరెక్టరీలను ఒక నేపథ్య పని వచ్చి తుడిచేస్తుంది.

దీనివల్ల స్ప్రింగ్ బూట్ అనే జావా ఫ్రేమ్‌వర్క్ పాత వెర్షన్లు వాడేవాళ్లకు బాగా తెలిసిన ఒక చిక్కు పుట్టింది. అప్లికేషన్ మొదలయ్యేటప్పుడు లోపలి టామ్‌క్యాట్ ఉమ్మడి డైరెక్టరీలో తన పేరు, పోర్ట్ నంబరు కలిపి ఒక పని డైరెక్టరీ తెరుచుకుంటుంది. అప్‌లోడ్‌లు అరుదుగా వచ్చే అప్లికేషన్ అయితే 10 రోజులు దాన్ని ఎవరూ ముట్టరు. నేపథ్య పని వచ్చి ఊడ్చేస్తుంది. అప్లికేషన్ మాత్రం హాయిగా నడుస్తూనే ఉంటుంది, పేజీలన్నీ వస్తుంటాయి. పదకొండో రోజో, పన్నెండో రోజో ఎవరో ఒక ఫైలు పంపగానే, తాత్కాలిక అప్‌లోడ్ స్థానం చెల్లదంటూ తప్పు వస్తుంది. అక్కడి నుంచి ప్రతి అప్‌లోడూ విఫలమే. పునఃప్రారంభిస్తే కొత్త డైరెక్టరీ పుట్టి అంతా సర్దుకుంటుంది. అందుకే అసలు కారణం దొరకదు. రీస్టార్ట్ చేస్తే పోయింది కదా అని ఫిర్యాదు మూసేస్తారు, కొన్ని వారాలకు అదే మళ్లీ వస్తుంది. వారానికోసారి కొత్త వెర్షన్ ఎక్కించే జట్లకు ఇది ఎప్పటికీ కనపడదు. పండుగ సెలవుల్లోనో, ఏడాది చివర మార్పులు ఆపేసిన రోజుల్లోనో ఒక్కసారి బయటపడుతుంది. పరిష్కారం చిన్నదే: అప్లికేషన్‌కు సొంత డైరెక్టరీ చూపించడం, లేదా ఆ డైరెక్టరీని ఊడ్చవద్దని సిస్టమ్‌డీకి ఒక వరుసలో చెప్పడం.

ఇంకో మార్పు కూడా గమనించాలి. లినక్స్ రకాల్లో ఫెడోరా 2013 నుంచి, డెబియన్ 2025లో వచ్చిన 13వ వెర్షన్ నుంచి ఈ ఉమ్మడి డైరెక్టరీని డీఫాల్ట్‌గా మెమరీలోనే ఉంచుతున్నాయి. డెబియన్‌లో అది ర్యామ్‌లో సగం దాకా పెరగొచ్చు. మెమరీ పొదుపు చేద్దామని డిస్క్‌కు పంపిన ఫైలు తిరిగి మెమరీలోకే వచ్చి కూర్చుంటుందన్నమాట. పాత వెర్షన్ నుంచి కొత్తదానికి మారిన సర్వర్‌లో, కోడ్ ఒక్క అక్షరం మారకపోయినా, పెద్ద అప్‌లోడ్‌ల సమయంలో మెమరీ కొరత మొదలైతే ముందు చూడాల్సింది ఇదే. కంటైనర్లలో కూడా ఇలాంటి ఉచ్చు ఉంది. కంటైనర్లను నడిపే కుబర్నెటిస్‌లో తాత్కాలిక నిల్వకు పరిమితి పెట్టి ఉంటే, అది దాటిన పాడ్‌ను (కంటైనర్ల గుంపును) యంత్రం నుంచి వెళ్లగొడతారు. దాంతో పాటు అప్పుడు నడుస్తున్న అప్‌లోడ్‌లన్నీ పోతాయి. అయినా సరే, పరిమితి పెట్టడమే మంచిది. ఒక్క పాడ్ పోవడం, యంత్రం మొత్తం డిస్క్ నిండి పక్కవాళ్లందరూ పోవడం కన్నా నయం.

స్థానం ఎంచుకునేటప్పుడు ఫైలును చివరికి ఎక్కడికి తరలిస్తారన్నది కూడా చూసుకోవాలి. ఒకే ఫైల్‌సిస్టమ్‌లో పేరు మార్చడం రెప్పపాటు పని, ఫైలు 10 కేబీ అయినా 10 జీబీ అయినా ఒకటే. పైగా అది అఖండం: కొత్త పేరు మీద పూర్తి ఫైలు కనిపిస్తుంది లేదా అసలు కనిపించదు. వేర్వేరు ఫైల్‌సిస్టమ్‌ల మధ్య అయితే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండె లాంటి కెర్నెల్ పేరు మార్చడానికి ఒప్పుకోదు. లైబ్రరీ గుట్టుచప్పుడు కాకుండా కాపీ చేసి, పాతదాన్ని తీసేస్తుంది. ఆ కాపీ సగంలో ఉండగా ఇంకో ప్రాసెస్ ఆ ఫైలును తెరిస్తే సగం చిత్రమే దొరుకుతుంది. కాబట్టి తాత్కాలిక డైరెక్టరీ, శాశ్వత డైరెక్టరీ ఒకే ఫైల్‌సిస్టమ్‌లో, పక్కపక్కన ఉంటే సగం తలనొప్పులు పుట్టవు.

తరలింపులో ఇంకో చిన్న పేచీ. తాత్కాలిక ఫైళ్లను యజమాని తప్ప మరెవరూ చదవకూడదని 0600 అనుమతులతో సృష్టిస్తారు, అది సరైన పనే. పేరు మార్చి తరలిస్తే ఆ అనుమతులే వెంట వస్తాయి. జాంగోలో దీనివల్ల ఒక వింత జరిగేది: 2.5 ఎంబీ లోపు ఫైళ్లు మెమరీ నుంచి కొత్తగా రాస్తారు కాబట్టి అందరూ చదవగలిగేవి, అంతకు మించినవి తరలి వస్తాయి కాబట్టి వెబ్ సర్వర్‌కు అందేవి కావు. చిన్న ఫొటోలు కనపడతాయి, పెద్దవి కనపడవు. జాంగో 3.0లో డీఫాల్ట్‌ను 0644గా, అంటే అందరూ చదవగలిగేలా, మార్చాకే ఈ తేడా పోయింది.

యూనిక్స్ తరహా వ్యవస్థల్లో ఒక మంచి ఉపాయం ఉంది. ఫైలును తెరిచిన వెంటనే దాని పేరును తీసేయవచ్చు. తెరిచిన ప్రాసెస్ చేతిలో అది ఉన్నంతసేపూ డేటా ఉంటుంది, ప్రాసెస్ ఎలా పోయినా, చివరికి ఎవరో బలవంతంగా చంపేసినా, చోటును కెర్నెల్ తిరిగి తీసుకుంటుంది. అనాథ ఫైలు మిగిలే అవకాశమే లేదు. ఎన్‌జింక్స్ రిక్వెస్ట్ బాడీకి మామూలుగా చేసేది ఇదే. 2013లో వచ్చిన లినక్స్ 3.11 అసలు పేరే లేకుండా ఫైలు సృష్టించే సౌకర్యం కూడా ఇచ్చింది. అంతా సరిగ్గా పూర్తయ్యాక, అదే ఫైల్‌సిస్టమ్‌లో, దానికి పేరు పెట్టుకోవచ్చు. సొంతంగా అప్‌లోడ్ సర్వర్ రాసేవాళ్లకు ఇంతకన్నా నిక్కచ్చి మార్గం లేదు.

దీనికి ఒక నీడ ఉంది. పేరులేని ఫైళ్లు డైరెక్టరీ వెతికితే కనపడవు. డిస్క్ 95 శాతం నిండిందని ఒక ఆదేశం చెబుతుంది, డైరెక్టరీలన్నీ కూడితే సగం కూడా ఉండదు. ఈ తేడా కనపడితే, పేరు పోయినా ఇంకా తెరిచి ఉన్న ఫైళ్లను చూపే పరికరంతో ఏ ప్రాసెస్ వాటిని పట్టుకుని ఉందో చూడాలి. ఆ ప్రాసెస్ ఫైలును మూసేదాకా చోటు రాదు. ఇంకోవైపు, డిస్క్‌లో చోటు బోలెడు ఉన్నా కొత్త ఫైలు పుట్టడం లేదంటే ఐనోడ్‌లు (ఒక్కో ఫైలుకు ఒకటి చొప్పున ఉండే నమోదు గళ్లు) అయిపోయాయేమో చూడాలి. లక్షల కొద్దీ చిన్న అనాథ ఫైళ్లు చేసే పని అది.

భద్రత గురించి కొద్దిగా. వాడుకరి పంపిన ఫైలు పేరును తాత్కాలిక ఫైలు పేరుగా వాడనే కూడదు. దాన్ని డేటాబేస్‌లో ఒక మాటగా దాచుకుని, డిస్క్ మీద యాదృచ్ఛిక పేరు పెట్టాలి. తాత్కాలిక డైరెక్టరీ వెబ్ ద్వారా అందే చోట ఉండకూడదు. ఫైళ్ల పరిమాణంతో పాటు సంఖ్యకూ పరిమితి ఉండాలి. కామన్స్ ఫైల్‌అప్‌లోడ్‌లో ఒక రిక్వెస్ట్‌కు ఎన్ని భాగాలు రావచ్చన్న పరిమితి 2023లో వచ్చిన 1.5 వెర్షన్ దాకా లేదు, అదే సీవీఈ-2023-24998. పీహెచ్‌పీలో ఫైళ్ల సంఖ్యకు డీఫాల్ట్ పరిమితి 20.

ఇప్పటిదాకా చెప్పినదంతా ఒకే రిక్వెస్ట్‌లో పని ముగిసే సందర్భం. మొదట ఫైలు పంపి, తర్వాత ఫారం నింపి, చివర సమర్పించే పద్ధతి వచ్చేసరికి లెక్క మారుతుంది. ఫైలు ఆయుష్షును రిక్వెస్ట్‌కు కట్టడం కుదరదు. వాడుకరి ఫైలు పంపి టాబ్ మూసేసి వెళ్లిపోవచ్చు, మరుసటి రోజు రావచ్చు, అసలు రాకపోవచ్చు. రిక్వెస్ట్‌లను పంచే లోడ్ బ్యాలెన్సర్ వెనక రెండు సర్వర్లుంటే ఫైలు ఒకదానిలో, సమర్పణ ఇంకోదానిలో పడొచ్చు. ఇలాంటి చోట ఫైలును సెషన్‌లోనో స్థానిక డిస్క్‌లోనో దాచడం గాలికి వదిలేయడమే. ప్రతి ఫైలుకూ డేటాబేస్‌లో ఒక వరుస, అందులో పంపినవారు, సమయం, స్థితి, గడువు ఉండాలి. ముందు వరుస రాసి, తర్వాత ఫైలు రాయాలి. ఈ క్రమం తిరగబడితే, మధ్యలో ప్రాసెస్ పోయినప్పుడు ఎవరికీ తెలియని ఫైలు మిగులుతుంది. సరైన క్రమంలో ఉంటే ఫైలు లేని వరుస మిగులుతుంది, దాన్ని కనిపెట్టడం తేలిక.

బ్రౌజర్ నుంచి నేరుగా అమెజాన్ ఎస్3 లాంటి ఆబ్జెక్ట్ నిల్వకు పంపితే ఈ బాధ తప్పుతుందనుకుంటారు. తప్పదు, చోటు మారుతుంది. అమెజాన్ ఎస్3లో పెద్ద ఫైలును ముక్కలుగా పంపుతూ మధ్యలో ఆపేస్తే, అప్పటికి చేరిన ముక్కలు అక్కడే ఉంటాయి. మామూలు జాబితాలో కనపడవు, బిల్లులో కనపడతాయి. అసంపూర్తి అప్‌లోడ్‌లను ఇన్ని రోజుల తర్వాత రద్దు చేయమని బకెట్‌కు (ఫైళ్లుండే నిల్వ పాత్రకు) నియమం పెట్టేదాకా అవి పోవు. ఆ నియమం బకెట్ తయారుచేసే రోజే పెట్టాలి.

వీటన్నిటి తర్వాత కూడా, మిగిలిన అనాథలను ఏరే ఒక ఊడ్పు పని కావాలి. విద్యుత్తు పోవడాన్ని, ప్రాసెస్‌ను బలవంతంగా చంపడాన్ని ఏ కోడూ పట్టుకోలేదు. ఆ పని వయసు చూసి తీసేస్తుంది కాబట్టి, ఆ వయసు అత్యంత నెమ్మదైన అప్‌లోడ్‌కు పట్టే సమయం కన్నా బాగా ఎక్కువ ఉండాలి. ఎన్ని ఫైళ్లు, ఎన్ని బైట్లు తీసిందో ప్రతిసారీ లెక్క రాయాలి. ఈ లెక్క చాలామంది వదిలేస్తారు, నిజానికి ఊడ్పులో విలువైన భాగం అదే. మామూలుగా సున్నా దగ్గర ఉండే అంకె ఒక కొత్త వెర్షన్ ఎక్కించిన మర్నాటి నుంచి వేలల్లోకి పోతే, ఆ వెర్షన్‌లో ఏదో దారిలో శుభ్రం చేయడం మరిచారని అర్థం. లెక్క లేని ఊడ్పు ఆ లోపాన్ని ఏళ్ల తరబడి కప్పిపుచ్చుతుంది.

పరీక్షించడం కష్టమేమీ కాదు. 50 ఎంబీ ఫైలు పంపుతూ సగంలో కనెక్షన్ తెంచి తాత్కాలిక డైరెక్టరీ చూడాలి. పరిమితి దాటే ఫైలు పంపి, తప్పు సందేశం వచ్చాక మళ్లీ చూడాలి. ఫైలు సరైనదే ఉంచి ఫారంలో ఇంకో గడి తప్పుగా నింపి చూడాలి. హ్యాండ్లర్ ఫైలును చదువుతుండగా దానితోనే ఒక తప్పు విసిరించి చూడాలి. ఈ నాలుగింటిలోనూ డైరెక్టరీ వెంటనే ఖాళీ కావాలి. అయిదోసారి అప్‌లోడ్ మధ్యలో ప్రాసెస్‌ను చంపేయాలి. అప్పుడు మిగిలిన ఫైలు తర్వాతి ఊడ్పులో పోయి, లెక్కలో ఒకటిగా నమోదు కావాలి.